అన్ని కొండల జత

పెద్దకార్యం భోజనాల దగ్గర అన్నం గంపలు నేలకి తగలకుండా వంటవాళ్లు ఇటుకలు పేర్చి, వాటి మీద రెండు పొడుగాటి చెక్కలు పరిచారు. రెండిటికీ ఒక కొస పడగలా పైకి లేచి ఉంది. సాంబారు బకెట్టుతో వస్తున్నతని కాలికి ఆ కొస తగిలింది.

"ఎవుడ్రా ఈ తెడ్లు ఇక్కడెట్టినాడు?"

"తెడ్లు కావు, బండి సెక్కలు" అన్నాడు గంప దగ్గర కూర్చున్నతను.

"ఏవైతే ఏటి? బేగి రా, ఆ వరసకి సాంబారు పడలేదు."

నా పక్కన ఆకు ముందు కూర్చున్న మా అమ్మాయి తలెత్తి, "అవి స్కీలు. కాళ్లకి కట్టుకుని మంచు మీద జారుతారు" అంది.

సాంబారతను పెద్దగా నవ్వాడు. "మంచేటి పాపా, ఈ ఎండలో! అన్నం కలుపుకో."

అక్కడ భోజనానికి వచ్చిన అంతమందిలో ఆ చెక్కలేమిటో తెలిసినవాళ్లం నలుగురమే. వాటిని తెచ్చుకున్న మనిషి ఫోటోకి దండ వేసి వసారాలో కుర్చీ మీద పెట్టారు. ఫోటోలో ఆయన సూటిగా ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తున్నారు. అందుకే కాబోలు అది ఆయన ఫోటోలా అనిపించలేదు నాకు. బతికుండగా ఆయన ఎవరి మొహమూ ముందు చూసేవారు కాదు. కాళ్లు చూసేవారు.

ఇది నిన్నటి సంగతి. పిల్ల నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. రాయకుండా ఉంటే ఇంకో పని చెయ్యాలి, అది చెయ్యలేక. పోపుల డబ్బా కింద నాలుగు రోజులుగా ఒక కాగితం ఉంది. వచ్చే శనివారం స్కూలు పిల్లల్ని ఉపమాక తీసుకెళ్తారట. బస్సు దిగి, కొండ మెట్లెక్కి, స్వామిని చూసి దిగి వస్తారు. మా అమ్మాయిని పంపడానికి సమ్మతమే అని నేను సంతకం పెట్టాలి. మా అమ్మాయి ఎడమకాలికి ఇనప కడ్డీల బూటు. కాగితం ఇస్తూ టీచరమ్మ, "మీ ఇష్టమండీ. కింద నాతో కూర్చోబెట్టుకోమన్నా కూర్చోబెట్టుకుంటాను" అంది. మంచి మనిషి. ఆ మాట అన్నప్పటి నుంచీ నాకు అదే బాగుందనిపిస్తోంది.

ఆయన ఉండి ఉంటే వీధి చివరికి నడిచి వెళ్లి అడిగేదాన్ని. పంపమని అనేవారు కాదు. వద్దనీ అనేవారు కాదు. "బూటు తిరగెయ్యి" అనేవారు.

ఊరంతా ఆయన్ని మిలట్రీ అనేవారు. మా వీధి పిల్లలం బాబాయి అనేవాళ్లం. కోటవురట్ల పక్క పల్లెలో చెరకు పండించుకునే ఇంటి మనిషి. నేను హైస్కూల్లో ఉండగా సైన్యం నుంచి వచ్చేసి మా వీధి చివర పెంకుటిల్లు తీసుకున్నారు. తుపాకీ కబుర్లు చెబుతారని మేమంతా వెళ్లి కూర్చుంటే ఆయనకు అవేవీ రావు. కాశ్మీరు కొండల్లో, జవాన్లకి మంచు మీద నడవడం జారడం నేర్పే చోట ఆయన సామాన్ల స్టోరు చూసేవారట. కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతి జవానుకీ ఏ స్కీలు సరిపోతాయో ఎంచి ఇవ్వడం ఆయన ఉద్యోగం.

"నాను యుద్దం సెయ్యలేదర్రా. సెప్పులిచ్చినాను" అనేవారు.

ఎడమకాలికి రెండు వేళ్లు లేవు. మంచు కొరికేసిందని చెప్పేవారు, కుక్క కరిచిందన్నంత మామూలుగా. మన లంబసింగి సలిలాగుంటాదా అని ఎవరైనా అడిగితే, "లంబసింగి సలి దుప్పటి కప్పుకుంటే పోద్ది. అది దుప్పటితో కలిపి కొరికేస్తాది" అనేవారు.

పెళ్లిళ్లకి వెళ్తే అందరూ పందిట్లోకి నడిస్తే ఆయన బయట చెప్పుల దగ్గర ఆగిపోయేవారు. ఒక్కొక్కటే తిరగేసి అడుగు అట్ట చూసేవారు. ఒకసారి పొరుగూరి పెళ్లివారి తాలూకు మనిషి కేకలు వేశాడు. "ఏటయ్యా, సెప్పులెత్తుకుపోతన్నావేటి?"

"ఇవి నీయేనా?" అన్నారు ఈయన తలెత్తకుండా. "కుడిది మడం కాడ అరిగిపోనాది, ఎడంది కొత్తదాన్లా ఉన్నాది. సైకిలు కాలితో ఆపుతన్నావు. పెళ్లయ్యాక బ్రేకులేయించుకో."

ఆ మనిషి వంగి తన చెప్పులు తనే తిరగేసి చూసుకున్నాడు.

ఎండాకాలంలో బస్టాండు దగ్గర రంగునీళ్ల ఐసు బండి పెట్టేవారు. మా అందరికీ కొనిపెట్టి తను తినేవారు కాదు. బండివాడు చిత్రిక పడుతున్న ఐసు పొడి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసేవారు. "ఇది ముసలి మంచు. గింజ కట్టీసింది. ఎడల్పు సెక్క దీని మీద నిలవదు, అంచు పట్టాల." ఇంకో చిటికెడు తీసేవారు.

"బాబూ, కొంటావా, పిసుకుతావా?" అనేవాడు బండివాడు.

ఆ స్కీలు వాళ్ల వసారాలో దూలానికి కొబ్బరితాళ్లతో వేలాడేవి. పాతవై పనికిరావని అక్కడ తీసి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నారట. పిన్ని, అంటే ఆయన భార్య, వాటి మీద అప్పడాలు ఆరబెట్టేది, ఊరగాయ జాడీలు పెట్టేది. "అన్నేళ్లు ఉజ్జోగం సేసి మీ బాబాయి రెండు సెక్కలు తెచ్చినాడమ్మా. మూడోది కూడా తెస్తే బల్లైనా సేయించుకుందుము" అనేది, ఆయనకు వినబడేలా.

విశాఖపట్నంలో బియ్యే చదువుతూ సెలవులకి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. "ఎంచడానికేముంది బాబాయి? అన్ని స్కీలూ ఒకటే కాదా?"

"అందరు మొగుళ్లూ ఒకటేనేటని మీ పిన్నినడుగు" అంటూ లేచి, జాడీలు దించి, ఆ రెండిటినీ విప్పి తెచ్చారు. ఒకటి నా పక్కన నిటారుగా నిలబెట్టారు.

"సెయ్యి పైకెత్తు."

ఎత్తాను. చెక్క కొస నా వేళ్లని దాటి ఇంకో జానెడు ఉంది.

"నీకు పొడుగు. కొస మణికట్టు కాడికి రావాల. పొడుగుది తిన్నగా పోద్ది, జోరుగా పోద్ది, తిరగమంటే తిరగదు. పొట్టిది ఇట్టే తిరుగుద్ది, జోరందుకుంటే ఒణికిపోద్ది. ఎడల్పుది మెత్తటి మంచులో తేలుద్ది, గట్టి మంచు మీద జారిపోద్ది. సన్నంది గట్టి మంచు కొరుకుద్ది, మెత్తట్లో ములిగిపోద్ది."

తర్వాత రెండిటినీ అరికాలూ అరికాలూ కలిపినట్టు ఒకదానికొకటి ఆనించారు. కొసలు రెండూ తగిలాయి గానీ నడుమ విల్లులా సందు మిగిలింది. ఒక చేత్తో పిసకమన్నారు. నా వల్ల కాలేదు. ఆయన పిసికితే సందు మూసుకుంటూ వచ్చి, పోస్టుకార్డు పట్టేంత దగ్గర ఆగిపోయింది.

"పూర్తిగా అతుక్కుపోతే మరీ మెత్తన. మనిషి బరువుకి సతికిలపడిపోద్ది. అసలు కదలకపోతే మరీ బిర్రు. మనిషి మాటినదు. ఈపాటి సందు మిగలాల." ఒక కన్ను మూసి చెక్క పొడుగునా చూశారు, మెలిక ఉందేమోనని. వేలి కణుపుతో తట్టి చెవి పెట్టారు. ఎన్నేళ్లుగానో అప్పడాలు మోసిన చెక్కని అంత శ్రద్ధగా పరీక్షిస్తుంటే నవ్వొచ్చింది నాకు.

"ఇంతకీ అన్నిట్లోకీ మంచిది ఏది బాబాయి?"

"వచ్చినోడల్లా ఆ మాటే. మంచిదియ్యి, మంచిదియ్యి. ఏ కొండరా, ఏ మంచురా, నువ్వెవుడివిరా, ఈ మూడూ తెలకుండా మంచిదేదని సెప్పను? పోనీ కొండ సెప్తే సరిపోద్దా అంటే, ఈయేల ఓ కొండెక్కిస్తారు, రేపు ఇంకోటి. మంచు పొద్దుట గాజులాగుంటాది, మజ్జానానికి జావైపోద్ది. మారనోడు ఆడొక్కడే. అంచేత నాను కొండ సంగతి అడిగీవోణ్ణి కాను. ఆణ్ణి రెండడుగులు ఏయించి మోకాలు సూసీవోణ్ణి."

చేతిలో ఉన్న జతని తిప్పి చూపించారు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. వెడల్పూ కాదు, సన్నమూ కాదు. చూడటానికి ఏమీ లేదు.

"ఇది అన్ని కొండల జత. దేన్లోనూ ఫస్టు రాదు, దేన్లోనూ ఫెయిలవదు. ఎవులూ అడిగీవోల్లు కాదు దీన్ని. మెరుపుండదు కదా."

"మరి మీరు దీన్నే ఎందుకు తెచ్చుకున్నారు?"

ఆయన చెక్కల్ని మళ్లీ దూలానికి కట్టడం మొదలుపెట్టారు. ముడి వేయడానికి మామూలుకన్నా ఎక్కువ సేపు పట్టింది.

ఆయన గురించి ఊరికి అర్థం కానిది ఇంకొకటి ఉంది. నెలకో ఆదివారం తెల్లవారి బస్సుకి మాకవరపాలెం వెళ్లేవారు. చేతిలో గుడ్డసంచీ, అందులో పిన్ని చేసిన కొబ్బరుండలు. సాయంత్రానికి తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవారు. ఆయనకి అక్కడ ఇంకో సంసారం ఉందని కొందరు నమ్మారు. ఆ మాట ఎవరో పిన్ని దగ్గరే అంటే, "ఉండనీయమ్మా. దానికేనా బల్ల సేయిస్తాడేమో సూద్దాం" అని తన పనిలో తను పడింది.

నాకు పెళ్లయింది. పాప పుట్టింది. ఏడాదిన్నర వయసులో మూడు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ఎడమకాలు లేవలేదు. పోలియో అన్నారు. చుక్కలు రెండుసార్లు వేయించాను. మూడోసారి వేయించాల్సిన రోజున జలుబుగా ఉంది, తగ్గాక తీసుకెళ్దాంలే అనుకున్నాను. ఆ జలుబు గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మావారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి రావడానికి వీలుగా ఉంటుందని నేను పాపతో నర్సీపట్నం వచ్చి, మా పాత వీధిలోనే ఇల్లు తీసుకున్నాను.

పాపకి మూడేళ్లు నిండాక డాక్టరుగారు రెండు రకాల బూట్లు చూపించారు. ఒకదానికి కడ్డీలు తొడ దాకా ఉన్నాయి, మోకాలి దగ్గర తాళం. అది వేస్తే కాలు వంగదు, పిల్ల పడదు. రెండోదానికి కడ్డీలు మోకాలి కిందికే. "మోకాల్లో కొద్దిగా బలం ఉందమ్మా. చిన్నది వేస్తే కొన్నాళ్లు పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ మోకాలు పని నేర్చుకుంటే నేర్చుకోవచ్చు. ఏది వేసినా తప్పు కాదు. ఇంట్లో చూసుకోవలసింది మీరు. వచ్చే వారం కొలతలకి వచ్చినప్పుడు చెప్పండి" అన్నారు.

మావారు ఉత్తరం రాశారు. నీకు ఏది మంచిదనిపిస్తే అదే చెయ్యి అని. ప్రేమగానే రాశారు. చదివితే నాకు భయమేసింది.

పాపని ఎత్తుకుని బాబాయి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయనకి జుట్టంతా తెల్లబడింది. పాపని అరుగు మీద కూర్చోబెట్టమని, దిగమన్నారు. అది చేతులతో కాలు జరుపుకుంటూ, ఒత్తిగిల్లి, జారి దిగింది. ఆయన వంగి ఆ కాలినే చూశారు. మళ్లీ ఎక్కమన్నారు. మళ్లీ దిగమన్నారు.

"మీరు ఎంతమందికో ఎంచారు కదా బాబాయి. దీనికీ ఎంచండి" అన్నాను.

"నాను మనోల్లకి ఎంచను తల్లీ."

ఆ మాట అంత నిక్కచ్చిగా వస్తుందని నేననుకోలేదు. నా మొహం చూసి కాబోలు, మళ్లీ అన్నారు. "ఆదివారం పాపని తీసుకుని నాతో మాకవరపాలెం రా."

మాకవరపాలెంలో ఆయన వెళ్లేది ఒక టైలరు కొట్టుకి. నలభై ఏళ్లుంటాయేమో ఆ మనిషికి. ఎడమకాలితో మిషను తొక్కుతున్నాడు. కుడికాలు మిషను పక్క నుంచి తిన్నగా బయటికి చాపి ఉంది, గుమ్మానికి అడ్డంగా వేసిన కర్రలా. మమ్మల్ని చూసి లేచాడు. లేవడమంటే, ఆ కాలిని పక్కకి విసిరి, బల్ల పట్టుకుని, ఒళ్లంతా దాని వెనక లాక్కోవడం.

"రండి గురువుగారూ! ఈపాలి నాకు సిన్న చుట్టాన్ని కూడా తెచ్చినారు." కొబ్బరుండ తీసి పాప చేతిలో పెట్టాడు. నేను ఎందుకొచ్చానో బాబాయి రెండు ముక్కల్లో చెప్పి, బల్ల మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోయారు. మాట్లాడిందంతా టైలరే.

"నాను కొత్తగా ఎల్లినానమ్మా ఆ కొండల్లోకి. స్టోరు కిటికీ కాడ నిలబడితే ఈయన ఓ జత తీసి కిటికీ మీదెట్టినాడు. ఎట్టి, కాయితం మీద రాసుకోడానికి నీదే ఊరని ఇందీలో అడిగినాడు. మాకవరపాలెం అన్నాను. అంతే! కిటికీలోంచి సగం బయటికొచ్చీసినాడు. తెలుగు మాటిని రెండేళ్లయినాదంట. ఎట్టిన జత లోపలికి లాగీసినాడు. ఆ వారమే కొత్తవొచ్చినాయి, ఇంకా కాయితం ఇప్పలేదు. ఇంత పొడుగు, బిర్రు, అద్దంలా ఉన్నాయి. పందేలకెల్లీవోల్ల కోసం తెప్పించినవి. 'మనూరోడు అందరికన్నా ముందు దిగాల' అని అవి నాకిచ్చీసినాడు." అతను నవ్వాడు. "దిగినానమ్మా. అందరికన్నా ముందే దిగినాను. ఆగడం ఒక్కటే కుదరలేదు."

వసారాలో వేలాడే జత ఏదో నాకు అప్పుడు తెలిసింది. కిటికీ మీద పెట్టి వెనక్కి లాగేసిన జత.

"నీ మోకాలు సూడలేదురా" అన్నారు బాబాయి నేలతోనే. "ఊరి పేరిన్నాను. మోకాలు సూడ్డం మర్సిపోనాను."

"పదిహేనేళ్లయిపోనాది గురువుగారూ. నాకు గుర్తే ఉండదు. మీరే నెల నెలా వొచ్చి గుర్తు సేస్తన్నారు." నా వైపు తిరిగి ఆ కాలి మీద అరిచేత్తో తట్టాడు. "వంగని కాలు పడదమ్మా. అది నిజమే. కూకోదు కూడా. బస్సులో నాకు రెండు సీట్లు కావాల. అయినా నువ్వు తల్లివి, నీకు తెలిసినట్టు నాకేటి తెలస్తాది?"

చూశాను, విన్నాను, అంతా అర్థమైంది. అయినా మర్నాడు విశాఖపట్నం వెళ్లి తొడ దాకా వచ్చేదే కావాలని చెప్పాను. నా కూతురు పడకూడదు. ఇంక ఆ పైన నాకు ఏ ఆలోచనా సాగలేదు. మనవాళ్లకి ఎంచడం అంటే ఏమిటో బాబాయి నాకు మాకవరపాలెంలో చూపించారు. నేను దాన్ని విశాఖపట్నంలో చేసి చూపించాను.

బూటు వచ్చాక ఆయన ప్రతి సాయంత్రం వచ్చేవారు. బాగుందనలేదు, బాగా లేదనలేదు. "బూటు తిరగెయ్యి" అనేవారు. నేను పాపని ఒళ్లో పడుకోబెట్టి కాలెత్తేదాన్ని. అట్ట మీద బొటనవేలు పెట్టి రాసి చూసి వెళ్లిపోయేవారు. పాప పడలేదు. నేను ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడింది, దీపపు సెమ్మెలా. వీధిలో పిల్లలు పరిగెడుతుంటే తల మాత్రం తిప్పుతూ చూసేది.

నెలన్నర గడిచాక ఒక రోజు ఆయన బొటనవేలు అట్ట మీద నుంచి తియ్యకుండా, "అరగలేదు తల్లీ" అన్నారు.

"కొత్తది కదా బాబాయి."

"నెలన్నరయినాది."

"ఆ చిన్నది వేస్తే పడిపోతుంది."

"పడిపోద్ది."

"దెబ్బ తగిలితే?"

"తగుల్తాది."

నాకు ఒళ్లు మండింది. "అంత తేలిగ్గా ఎలా అంటారు?"

"మా కాడ మొదటిరోజు జారడం నేర్పరమ్మా, పడ్డం నేర్పుతారు. పక్కకి పడాల. సేతులు ముందుకెట్టకూడదు. పడ్డాక కాళ్లు కిందికి తిప్పుకుని లెగాల. పడ్డం రానోడికి నాను సెక్కలిచ్చీవోణ్ణి కాను."

"మా అమ్మాయి జవాను కాదు బాబాయి."

"కాదు" అన్నారు. పాప కాలు మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయారు.

నాలుగు సాయంత్రాలు రాలేదు. ఐదో సాయంత్రం పాప గుమ్మంకేసి చూస్తూ అడిగింది. "తాత బూటు చూడ్డానికి రారా?"

"వస్తారులే."

"దాన్లో ఏం చూస్తారు?"

"నువ్వు ఎంత నడిచావో చూస్తారు."

"నేను నడవలేదుగా" అంది. ఫిర్యాదులా కాదు. ఈవేళ వాన పడలేదుగా అన్నట్టు.

మర్నాడు మొదటి బస్సుకి విశాఖపట్నం వెళ్లాను. పెద్ద బూటు వెనక్కిచ్చి చిన్నదానికి కొలతలు ఇప్పించాను. డాక్టరుగారు ఏమీ అనలేదు. నేను మాత్రం దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకుంటూ వెళ్లాను.

చిన్న బూటు వచ్చిన రోజున బాబాయి మోపెడు వరిగడ్డి తెచ్చి వాళ్ల అరుగు ముందు పరిచారు. "పడు!" అన్నారు పాపతో. అది నమ్మలేనట్టు నా వైపు చూసింది. పడమని ఎవరైనా అనడం దానికి అదే మొదటిసారి. "పక్కకి! పక్కకి! సేతులు కాదు, సేతులు కడుపు కాడ!" అది పడి, పకపకా నవ్వి, మళ్లీ లేచి పడింది. వీధిలో పిల్లలందరూ వచ్చి దానితో పాటు పడ్డారు.

"నడక నేర్పవయ్యా మగడా అంటే పడ్డం నేర్పుతన్నాడు సూడమ్మా" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. ఆ సాయంత్రం అప్పడాలు ఎత్తడం మరిచిపోయి చూస్తూ నిలబడింది కూడా.

గడ్డి మీద నుంచి మట్టి మీదికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది, పాపకి కాదు. అది ఒరిగిన ప్రతిసారీ నేను అరుగు దిగి పరిగెత్తేదాన్ని. బాబాయి కదిలేవారు కాదు. ఎంత గుండె రాయి ఈయనది అనుకునేదాన్ని. ఒక రోజు గమనించాను. పాప తూలితే ఆయన భుజాలు అదిరిపడుతున్నాయి. చేతులు రెండూ తొడల కింద ఉన్నాయి. అరిచేతుల మీద కూర్చుని ఉన్నారు.

"అదేంటి బాబాయి, అలా కూర్చున్నారు?"

"ఇవి మాటినవమ్మా. ఒగ్గితే ఎల్లిపోతాయి."

నేనూ ఆయన పక్కన అలాగే కూర్చోవడం నేర్చుకున్నాను. చూసినవాళ్లు ఏమనుకునేవారో తెలియదు, ఇద్దరం అరుగు మీద ముద్దాయిల్లా. పాప పడేది. పక్కకి పడేది. కాళ్లు కిందికి తిప్పుకుని లేచేది.

మెట్లు దిగడం కూడా ఆయనే నేర్పారు. మొహం ముందుకి పెట్టి దిగద్దనేవారు. "కొండకి అడ్డంగా తిరుగు. బూటు అంచు ముందెయ్యి. అంచు పట్టినాదా? ఇప్పుడు రెండో కాలు." వాళ్ల అరుగుకి ఉన్నవి మూడే మెట్లు. ఆ మూడు మెట్లే రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగేదో. ఆయన వాటిని కొండ అనే అనేవారు, పాప కూడా అలాగే అనేది. "అమ్మా, కొండ దిగొచ్చాను."

బూటు ముందు భాగం మొదటిసారి గీరుకుపోయిన రోజున ఆయన దాన్ని ఎండలోకి తీసుకెళ్లి వీధిలో వాళ్లందరికీ చూపించారు. వేరేవాళ్లు మనవల ప్రోగ్రెసు కార్డు చూపించినట్టు.

నిన్న భోజనాలయ్యాక మాకవరపాలెం టైలరు కాలు చాపుకుని వసారా గోడకి చేరబడి కూర్చున్నాడు. పిన్ని ఆ చెక్కల్ని గంపల కింద నుంచి తీసెయ్యమని వంటవాళ్లని కేకలేస్తుంటే, "ఉండనీ అమ్మా. అన్ని కొండల జత. అన్నం గంపలు ఓ లెక్కా దానికి?" అన్నాడు. నవ్వుతూ మొదలుపెట్టిన మాట నవ్వుతూ ముగించలేకపోయాడు. అందరూ వెళ్లాక చెక్కలు కడిగి తుడిచి, నేనూ పిన్నీ కలిసి మళ్లీ దూలానికి కట్టాం. ముడి వేయడం మా ఇద్దరికీ సరిగ్గా రాలేదు.

ఇంతవరకు రాసి లేచి గుమ్మం దగ్గరున్న బూటు తెచ్చుకున్నాను. ఉపమాక మెట్లు మూడు కావు. వాటి మీద గడ్డి పరిచి ఉండదు. అక్కడ పక్కకి పడితే ఏమవుతుందో ఆయన నేర్పలేదు, నేను అడగలేదు. దీపం దగ్గర బూటు తిరగేశాను.

పోయిన నెలలోనే బాబాయి మడమకి టైరు ముక్క కోసి మేకులు కొట్టారు. అప్పుడే అది సగం అరిగింది. వేళ్ల దగ్గర తోలు లేచిపోయింది. ఏదో ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. ఎడమ అంచు పొడుగునా ఏటవాలుగా కోసుకుపోయింది, అక్కడ నా బొటనవేలు పెడితే జారుతోంది. తిన్నగా నడిస్తే అట్ట అక్కడ అరగదు. ఇది అడ్డంగా తిరిగి, అంచు ముందు వేసి, దిగీ దిగీ అరిగిన అరుగుదల. వాళ్ల అరుగు మీద, స్కూలు వరండా మీద, నేను చూడని ఇంకా ఏయే మెట్ల మీదో.

పోపుల డబ్బా కింద నుంచి కాగితం తీసి సంతకం పెట్టాను. మడిచి పాప పుస్తకాల సంచీలో పెట్టాను. సంచీ మూశాక మళ్లీ తెరవడానికి చెయ్యి వెళ్లబోయింది.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.